చక్రం దగ్గర శబ్దం: ఎలా ఉందో కాదు, ఎప్పుడు మారుతుందో చూడండి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. తేడా ఉంటే సరిదిద్దండి. కారు ముందు చక్రాల లాగుడుతో నడిచేది, 1,10,000 కి.మీ. తిరిగింది. గంటకు 50 కి.మీ. దాటగానే కింద నుంచి ఒక హోరు మొదలై వేగంతో పాటు పెరుగుతోంది. రోడ్డు ఎడమకు వంపు తిరిగినచోట అది కాస్త తగ్గుతోంది. రెండు నెలల క్రితం ముందు టైర్లను వెనక్కి, వెనక టైర్లను ముందుకు మార్పించారు. హోరు ఆ తర్వాతే మొదలైందని మీ అనుమానం. ఇది కాక, స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టకటకమంటోంది. ఒక మెకానిక్ ముందు చక్రాల బేరింగులు (రెండు ఉక్కు రింగుల మధ్య గోళీలుండి, చక్రం తేలిగ్గా తిరిగేలా చేసే భాగాలు) రెండూ మార్చాలన్నారు, ఇంకొకరు టైర్లు నాలుగూ మార్చాలన్నారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

ఇప్పటికి ఇద్దరి మాటా వినవద్దు. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పి చూడకుండా చెప్పిన మాట అంచనాయే తప్ప నిర్ధారణ కాదు. వాళ్ళలో ఒకరి అంచనా నిజం కావచ్చు, ఇద్దరిదీ కావచ్చు. మెకానిక్ పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో నేనూ ఇలాగే చేశాను. హోరు వినగానే ముందు కుడి బేరింగ్ అన్నాను, మార్చాను, హోరు పోలేదు. అయితే ఎడమదే అన్నాను, అదీ మార్చాను. చివరికి చూస్తే వెనక టైరు రంపం పళ్ళలా అరిగి ఉంది. ఆ రెండు బేరింగుల ఖర్చు నా జేబులోంచే పోయింది. బండి లోపల కూర్చున్నవాడికి శబ్దం ఏ మూల నుంచి వస్తోందో చెవి సరిగ్గా చెప్పదని అలా తెలిసింది. ఇనుప రేకు వెంట శబ్దం ఎటైనా పాకుతుంది. వెనక చక్రం హోరు డ్రైవరు కాళ్ళ కింద వినిపించడం నేను ఎన్నోసార్లు చూశాను.

శబ్దాలకు తెలుగులో పేర్లకు కొదవ లేదు. గరగర, కరకర, లొడలొడ, కీచు, కిర్రు, గుయ్యి, హోరు, ఎన్నయినా చెప్పవచ్చు. చిక్కు ఏమిటంటే ఒకరి గరగర మరొకరికి గుయ్యి. అందుకే ఎవరైనా బండి తెస్తే శబ్దం ఎలా ఉందని నేను రెండోసారి అడగను. దేనితో మారుతోందని అడుగుతాను. వేగంతోనా, ఇంజను తిరిగే జోరుతోనా? బ్రేకు తొక్కితే ఆగుతుందా, మొదలవుతుందా? యాక్సిలరేటర్ వదిలితే ఏమవుతుంది? వంపులో ఏమవుతుంది? రోడ్డు మారితే మారుతుందా? వీటికి జవాబులుంటే సగం పని బండిని చూడకుండానే అయిపోతుంది. మీరు వంపు సంగతి మీ అంతట మీరే రాశారు, చాలామంది గమనించరు.

అన్నిటికంటే ముందు చక్రాల నట్లు చూడండి. టైర్లు విప్పి బిగించిన బండి కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. నట్లు వదులైతే మొదట తక్కువ వేగంలో, చక్రం తిరుగుడుకు తగ్గట్టు డబ్ డబ్ అనే చప్పుడు వస్తుంది. వేగం పెరిగాక అది మాయమైనట్టు అనిపించి, కొన్నాళ్ళకు స్టీరింగ్ ఊగడం మొదలవుతుంది. ఆ దశలో బండి నడపడమంటే చక్రం ఊడిపోయే దాకా ఎదురుచూడటమే. మామూలు కార్లకు బిగింపు 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో దాని పుస్తకంలో చూసి, టార్క్ పానాతో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), ఒక నట్టు తర్వాత ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుంటూ బిగించండి. బోల్టు మరలకు నూనె, గ్రీజు పూయవద్దు. పూస్తే పానా చూపే అంకె అదే అయినా బోల్టు మీద లాగుడు ఎక్కువైపోతుంది. చక్రం విప్పిన ప్రతిసారీ 50, 100 కి.మీ. తిరిగాక మళ్ళీ చూసుకోవాలి. ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇదే.

ఇక హోరు. మొదట అది చక్రాల వైపుదేనా, ఇంజను వైపుదా తేల్చుకోవాలి. ఖాళీగా ఉన్న చదునైన రోడ్డు మీద 60లో వెళ్తూ బండిని న్యూట్రల్‌లోకి తెచ్చి దొర్లనివ్వండి. ఇంజను జోరు తగ్గినా హోరు అలాగే ఉండి, బండి వేగం తగ్గేకొద్దీ మాత్రమే తగ్గితే అది చక్రాలతో పాటు తిరిగే వస్తువులదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటే గేరుబాక్సు, ఇంజను లాగుడును రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్ వైపు చూడాలి. మీరు రాసిన తీరు చూస్తే ఇది చక్రాల వైపుదే. అప్పుడు మిగిలేవి ప్రధానంగా రెండు: టైరు, బేరింగ్. ఈ రెండింటినీ విడదీయడం దగ్గరే పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడతారు.

ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే అర్థమవుతుంది. చిన్న కారు టైరు చుట్టుకొలత దాదాపు 1.9 మీటర్లు. గంటకు 20 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు సుమారు 3 సార్లు, 60 వేగంలో దాదాపు 9 సార్లు తిరుగుతుంది. టైరు గాడిలో రాయి ఇరుక్కుంటే చుట్టుకు ఒక టిక్కు, నెమ్మదిగా వెళ్ళినప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. బేరింగ్ సంగతి వేరు. లోపలి గోళీలు చక్రంతో సమానంగా తిరగవు, చక్రం ఒక చుట్టు తిరిగితే అవి 0.4 చుట్టు మాత్రమే వెళ్తాయి. వరుసకు 12 గోళీలున్న బేరింగ్ బయటి రింగులో ఒక చిన్న గుంట పడిందనుకోండి, చక్రం చుట్టుకు దాదాపు 5 దెబ్బలు. 60 వేగంలో అవి సెకనుకు 40 దాటుతాయి. చెవికి అవి విడివిడి దెబ్బలుగా అందవు, కలిసిపోయి హోరుగా వినిపిస్తాయి. అరిగిన టైరు దిమ్మెలు (గాడుల మధ్య ఉండే రబ్బరు ముక్కలు) కూడా వరుసగా రోడ్డును కొట్టి అలాంటి హోరునే పుట్టిస్తాయి. అసలు టైరు తయారుచేసేవాళ్ళు ఆ దిమ్మెల పొడవులను కావాలనే కొంచెం కొంచెం తేడాగా పెడతారు, శబ్దమంతా ఒకే స్వరంగా పోగుపడకుండా. అరుగుదల ఎగుడుదిగుడుగా వస్తే ఆ జాగ్రత్తంతా వృథా అవుతుంది.

టైరును పట్టించేది రోడ్డు. కొత్తగా వేసిన నున్నని తారు రోడ్డు మీద ఒకసారి, గరుకు సిమెంటు రోడ్డు మీద ఒకసారి అదే వేగంలో వెళ్ళండి. టైరు హోరైతే రోడ్డు మారగానే దాని గొంతు స్పష్టంగా మారుతుంది. బేరింగ్‌కు కింద ఏ రోడ్డున్నా ఒకటే. తర్వాత బండి ఆపి, ఇనుప తీగలేవీ బయటికి పొడుచుకు రాలేదని చూసుకుని, టైరు మీద అరచేతిని చుట్టు వెంట ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు దిమ్మెల అంచులు చేతికి గుచ్చుకున్నట్టు తగిలితే రంపం అరుగుదల మొదలైందన్నమాట. లాగుడు లేని వెనక టైర్లలో ఇది ఎక్కువ. వెనక ఉన్నన్నాళ్ళూ సద్దుచేయని టైరు ముందుకు రాగానే హోరెత్తడం మామూలే. మీ బండిలో హోరు టైర్లు మార్చాకే వచ్చిందన్న మాటను నేను తేలిగ్గా తీసుకోనిది ఇందుకే. చేతికి అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటి అంచుకు, ఈకల్లా తగిలితే అది అలైన్‌మెంటు (చక్రాలు నిలిచే కోణాల అమరిక) తప్పు. ఒకచోట ఉబ్బు కనిపిస్తే మాత్రం ఇక పరీక్షలు అక్కర్లేదు. లోపలి పొరలు విడిపోతున్నాయి, ఆ టైరును అప్పుడే తీసేయండి.

బేరింగ్‌ను పట్టించేది వంపు. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీదికి ఒరుగుతుంది, ఎడమకు తిరిగితే కుడి చక్రాల మీదికి. చెడిన బేరింగ్ మీద బరువు పెరిగితే అది గట్టిగా మూలుగుతుంది, తగ్గితే ఊరుకుంటుంది. మీ బండిలో ఎడమ వంపులో శబ్దం తగ్గుతోంది కాబట్టి అనుమానం ఎడమ వైపు మీద. కుడి వంపులో పెరుగుతోందా లేదా మీరు రాయలేదు. అది చూడండి. వాహనాలు లేని వెడల్పైన రోడ్డులో 50 దగ్గర స్టీరింగ్‌ను ఇటూ అటూ మెల్లగా, ఒకే లయలో ఊపితే చాలు. పాములా మెలికలు తిప్పనక్కర్లేదు. ఈ పరీక్ష నూటికి నూరుపాళ్ళు నిజం చెప్పదు. చక్రం మధ్యలో ఉండే హబ్ బేరింగుల్లో రెండు వరుసల గోళీలుంటాయి, లోపలి వరుస చెడితే కొన్నిసార్లు తీరు తారుమారవుతుంది. పైగా వంపులో బరువు పడేది టైరు మీద కూడా కదా. అందుకే వంపు ఒక్కదాన్ని పట్టుకుని విడిభాగాలు కొనవద్దంటాను.

నిర్ధారణ జాకీ మీదే జరగాలి. చదునైన గట్టి నేల, మిగతా చక్రాలకు అడ్డుగా దిమ్మెలు, బండి కింద స్టాండు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి చేయి కూడా పెట్టవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ రెండో చేతి వేళ్ళను సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించండి, చుట్టల మధ్య సందులో పెట్టకుండా. మంచి బేరింగ్ అయితే స్ప్రింగు నిశ్చలంగా ఉంటుంది. చెడినదైతే ఇసుక మీద ఏదో దొర్లుతున్నట్టు సన్నని వణుకు వేళ్ళకు అందుతుంది. చెవికి ఏమీ వినబడకపోయినా వేళ్ళకు తెలిసిపోతుంది. నాకు తెలిసిన పరీక్షల్లో ఇంత తక్కువ సరంజామాతో ఇంత నమ్మకంగా చెప్పేది ఇంకొకటి లేదు. రెండో వైపు చక్రాన్నీ అలాగే తిప్పి పోల్చుకోండి. బ్రేకు ప్యాడ్లు డిస్కుకు కొద్దిగా తగిలే సర్రుమనే శబ్దం అన్ని బండ్లలో ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడవద్దు.

తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, ఆపైన కుడి ఎడమల పట్టుకుని ఊపండి. పైకీ కిందికీ ఊపినప్పుడు వదులు తెలిస్తే పక్కన ఒకరిని బ్రేకు పెడలు తొక్కి పట్టమనండి. వదులు పోతే అది బేరింగ్‌ది, పోకపోతే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటు వైపుది. కుడి ఎడమల ఊపినప్పుడు మాత్రమే వదులుంటే స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్ చివర్లను చూడాలి. వదులు ఏమీ లేదు కాబట్టి బేరింగ్ బాగుందని చాలా షెడ్లలో తేల్చేస్తారు. అది తప్పు. రింగుల మీద గుంటలు పడి హోరెత్తే బేరింగులో చేతికి తెలిసే వదులు చాలాకాలం దాకా రాదు. వచ్చేసరికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) దీపం కూడా వెలిగి ఉండవచ్చు, చక్రం వేగం చదివే సెన్సారు సందు మారిపోయి.

కొందరు జాకీ మీదే ఇంజను వేసి గేరులో చక్రం తిప్పి వింటారు. ఇంట్లో మీరు చేయవద్దు. ఒక చక్రం నేల మీద ఆగి ఉంటే గాలిలో ఉన్నది మీటరు చూపే వేగానికి రెట్టింపు తిరుగుతుంది. మీటరు 50 చూపుతుంటే అది 100 వేగంతో తిరుగుతున్నట్టు. బండి స్టాండు మీద నుంచి జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు టకటక. హోరుతో దీన్ని కలపవద్దు, ఇది వేరే జబ్బు కావచ్చు. ముందు బండి నిలిపి ఉంచి, ఇంజను వేసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. నిలిచి ఉన్నప్పుడే టంగుమంటే స్ప్రింగు పైన ఉండే మౌంటులో బేరింగ్ పట్టేసి, స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా విడుస్తోందన్నమాట. నిలిచినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, తిప్పిన చక్రాలతో యాక్సిలరేటర్ ఇచ్చి కదిలినప్పుడే టకటకమని, వేగంతో పాటు ఆ తాళం కూడా వేగం అందుకుంటే అది బయటి సీవీ జాయింటు, అంటే చక్రం తిరిగినా వంగినా ఇంజను లాగుడును దానికి అందించే ఇరుసు కీలు. అందులో గోళీలు తిరిగే గాడులు అరిగి, వంచినప్పుడు ప్రతి గోళీ తన గాడిలో తడబడుతుంది. ఏ వైపుదో శబ్దాన్ని బట్టి తేల్చే సూత్రాలు చాలా చెబుతారు, వాటి జోలికి నేను పోను. చక్రాన్ని పూర్తిగా తిప్పి వెనక నుంచి టార్చి వేసి ఆ జాయింటును కప్పే రబ్బరు బూటు చూడండి. మడతల మధ్య పగులు, చక్రం లోపలి వైపు చిమ్మిన నల్లని గ్రీజు కనిపిస్తే దొంగ దొరికినట్టే. శబ్దం రాకముందే పగులు కనిపిస్తే శుభ్రం చేసి కొత్త గ్రీజు, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. శబ్దం మొదలయ్యాక గ్రీజు నింపడం డబ్బు దండగ, జాయింటు మార్చాల్సిందే. లోపలి జాయింటు చెడితే టకటక రాదు, నేరుగా వెళ్తూ వేగం అందుకునేటప్పుడు బండి అడ్డంగా వణుకుతుంది.

బ్రేకుల గురించి మీరు అడగలేదు, అయినా రెండు ముక్కలు. నడుస్తున్నంతసేపూ సన్నగా కీచుమంటూ బ్రేకు తొక్కగానే ఆగిపోతే ప్యాడ్లు అరిగి, హెచ్చరిక కోసం పెట్టిన ఇనుప నాలుక డిస్కును తాకుతోంది. ప్యాడు 2, 3 మి.మీ. మిగిలి ఉన్నప్పుడు అది మొదలవుతుంది. తొక్కినప్పుడు బరబరమంటే ఆ హెచ్చరికను కూడా దాటిపోయారు. వానలో నిలిపిన బండి పొద్దున తీస్తే గరగరమని నాలుగైదు బ్రేకులకే పోయేది డిస్కు మీది తుప్పు, దాన్ని పట్టించుకోవద్దు. ఇక, చక్రమే ముక్కలవుతోందేమో అనిపించేంత భయంకరంగా, ఉన్నట్టుండి మొదలయ్యే గీరుడు శబ్దం చాలావరకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి. బండిని కొద్దిగా వెనక్కి నడిపితే ఒక్కోసారి దానంతట అదే రాలిపోతుంది. గేరుబాక్సు పోయిందని ఏడుపు ముఖంతో వచ్చినవారి చేతిలో శనగగింజంత రాయి పెట్టి పంపిన రోజులున్నాయి.

మీ బండి విషయంలో వరుస ఇలా పెట్టుకోండి. నట్లు, నిలిచిన చోట స్టీరింగ్ తిప్పడం, బూట్లు, టైర్ల మీద అరచేయి. ఈ నాలుగూ అరగంట పని, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత టైర్లను రెండు నెలల క్రితం ఉన్న చోట్లకే మార్పించి అదే రోడ్డు మీద అదే వేగంలో వెళ్ళండి. హోరు పోతే, లేదా వెనక్కి వెళ్ళి గొంతు మార్చుకుంటే టైర్లదే తప్పు. మారకుండా అలాగే ఉంటే ఎడమ ముందు చక్రాన్ని లేపి స్ప్రింగు మీద వేళ్ళు పెట్టండి, ఆపైన ఎడమ వెనకది కూడా. నన్ను పందెం కాయమంటే ఒక బయటి సీవీ జాయింటు మీద గట్టిగా, ఎడమ బేరింగ్ మీద కొంచెం వెనకాడుతూ కాస్తాను. టైర్లను ఇంకా వదిలిపెట్టను.

బేరింగే అని తేలితే చెడినదాన్నే మార్చండి. రెండూ కలిపి మార్చాలన్న నియమం లేదు. దాన్ని ఎక్కించే తీరు మాత్రం దగ్గరుండి చూడండి. బయటి రింగును అది కూర్చునే గూటిలోకి దించేటప్పుడు ప్రెస్సు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద ఒత్తితే ఆ బలమంతా గోళీల గుండా పోయి రింగుల్లో గుంటలు పడతాయి. అలా ఎక్కించిన కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే హోరెత్తుతుంది, నింద తయారీ మీద పడుతుంది. కొన్నిటిలో ఒక పక్క సీలులోనే ఏబీఎస్ కోసం అయస్కాంతపు రింగు ఉంటుంది. చూడటానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి కానీ ఆ పక్క సెన్సారు వైపే ఉండాలి. పేపరు క్లిప్పును దగ్గర పెడితే ఏ పక్కదో అంటుకుని చెబుతుంది. ఇరుసు నట్టు కొత్తది వేసి, చెప్పిన టార్కుకు బిగించేదాకా బండి బరువును ఆ చక్రం మీదికి దించనివ్వవద్దు.

ఫోనులో శబ్దం రికార్డు చేసి పంపుతానన్నారు. వద్దు, లోతైన హోరును ఫోను మైకు సరిగ్గా పట్టదు, నాకు గాలి హోరే వినిపిస్తుంది. దాని బదులు మూడు విషయాలు రాసి పంపండి: కుడి వంపులో హోరు ఏమైంది, నున్నని రోడ్డు మీద ఏమైంది, అరచేతికి ఏ టైరు గుచ్చుకుంది.